అర్ధరాత్రి సభకు మధ్యాహ్నమే లెక్క: వక్ఫ్ సవరణ బిల్లు చర్చా సమయంపై కేస్ స్టడీ

2025 ఏప్రిల్ 2, బుధవారం. లోక్‌సభలో ప్రశ్నోత్తరాలు ముగిశాక మధ్యాహ్నం 12 గంటలకు వక్ఫ్ (ముస్లింల ధార్మిక ఆస్తుల) సవరణ బిల్లు చర్చకు వచ్చింది. సభా వ్యవహారాల సలహా సంఘం, అంటే బీఏసీ, దానికి కేటాయించింది 8 గంటలు. చివరి ఓటింగు ఫలితం తేలేసరికి రాత్రి రెండు కావొచ్చింది: అనుకూలం 288, వ్యతిరేకం 232. మర్నాడు రాజ్యసభలోనూ 8 గంటలే అనుకున్నారు. అక్కడ 128–95తో బిల్లు గట్టెక్కేసరికి రాత్రి రెండు దాటింది, సభ లేచేసరికి తెల్లవారుజామున నాలుగు దాటింది.

బిల్లు మంచిచెడ్డల జోలికి ఇక్కడ వెళ్లడం లేదు. 8 గంటలు అనుకున్న చర్చ 12 గంటలు ఎందుకు దాటింది, దాటినా ఎందుకు పూర్తయింది, అలాంటి రాత్రికి ముందుగా ఏం లెక్క వేసుకోవాలి అన్నదే విషయం. తిరుపతి, చిత్తూరుల్లో ఎంపీ, ఎమ్మెల్యే కార్యాలయాల్లో ప్రసంగాల నోట్లు తయారుచేసేవాళ్లకు, ఎస్వీయూలోనో పద్మావతి మహిళా వర్సిటీలోనో మాదిరి పార్లమెంటు నడిపేవాళ్లకు ఇది పనికొస్తుంది. ఈ రెండు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గాలూ ఆ రాత్రి చెరో వైపు ఉన్నాయి. తిరుపతి ఎంపీ పార్టీ వైఎస్సార్‌సీపీ బిల్లును వ్యతిరేకించింది, చిత్తూరు ఎంపీ పార్టీ టీడీపీ సమర్థించింది. పక్కపక్క ఊళ్లలోని రెండు ఆఫీసులు ఒకే గడియారం చూస్తూ రెండు రకాల నోట్లు రాసుకోవాల్సిన రోజు అది.

రాత్రి సభలు ప్రసంగాల దగ్గర చెడవు. ప్రసంగాల తర్వాత జరగాల్సిన పనికి ఎవరూ సమయం తీసిపెట్టకపోవడం వల్ల చెడతాయి. అందుకే లెక్క ఓటింగు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి.

గడువు ఎక్కడుందో ముందు చూడాలి

బడ్జెట్ సమావేశాలకు ఆఖరి రోజు ఏప్రిల్ 4, శుక్రవారం. శుక్రవారం మధ్యాహ్నం నుంచి ప్రైవేటు సభ్యుల (మంత్రులు కానివాళ్ల) బిల్లులకు, తీర్మానాలకు వదిలిపెట్టాలి. ఇది కాక ఇంకో గడువు కూడా ఉంది. మణిపూర్‌లో రాష్ట్రపతి పాలన ప్రకటన వెలువడింది ఫిబ్రవరి 13న. రాజ్యాంగం 356వ అధికరణం ప్రకారం రెండు నెలల్లోగా ఉభయ సభలూ ఆమోదించకపోతే ఆ ప్రకటన దానంతటదే పోతుంది. అంటే ఏప్రిల్ రెండో వారం. ఆ లోపు సభలు మళ్లీ కూడే వీల్లేదు కాబట్టి ఆ తీర్మానం కూడా ఈ మూడు రోజుల్లోనే రెండు సభలూ దాటాలి.

ఇలా పేర్చి చూస్తే 2న లోక్‌సభ, 3న రాజ్యసభ అన్న అమరిక ఎవరి ఇష్టాయిష్టాల మీదా ఆధారపడలేదు, ఇంకో దారి లేదు. 2న లోక్‌సభలో పని మిగిలిపోతే 3న రాజ్యసభకు బిల్లు అందదు. 3న రాజ్యసభలో మిగిలిపోతే 4న ప్రైవేటు సభ్యుల సమయం మీద పడాలి. అందుకే రెండు రాత్రులూ 'రేపు చూద్దాం' అనే మాటకు చోటు లేకపోయింది. మణిపూర్ తీర్మానాన్ని రెండు సభల్లోనూ వక్ఫ్ ఓటింగు తర్వాతే చేపట్టారు. లోక్‌సభలో రాత్రి రెండు గంటలప్పుడు మొదలైన ఆ చర్చ గంట లోపే ముగిసింది. ఒక రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన మీద చర్చకు అది సరిపోయే సమయం కాదన్నది మా అభిప్రాయం. లైనులో రెండో అంశంగా నిలబడితే జరిగేది అదే. మీ సభ్యుడికి ఆసక్తి ఉన్న అంశం ఎజెండాలో రాత్రి సభకు వెనుక ఉందంటే, దాని మీద మాట్లాడే సమయం సగానికి సగం పోయినట్టే లెక్క వేసుకోండి.

బీఏసీ ఇచ్చే గంటలు, తలకు వచ్చే సెకన్లు

బీఏసీ 1952లో మొదలైంది. అప్పుడు లోక్‌సభ డిప్యూటీ స్పీకర్ మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారే. తొలి స్పీకర్ మావలంకర్ మరణం తర్వాత 1956 నుంచి 1962 దాకా ఆయనే స్పీకర్. 1952లో తిరుపతి నుంచి, 1957లో చిత్తూరు నుంచి గెలిచారు. ఆ సంఘంలో స్పీకర్‌తో కలిపి 15 మందికి మించి ఉండరు. ఏ బిల్లుకు ఎన్ని గంటలో సిఫారసు చేయడమే దాని ప్రధానమైన పని. సిఫారసును సభ ఒప్పుకున్నాక అది కాల కేటాయింపు ఉత్తర్వు అవుతుంది. ఆ గడువు రాగానే మిగిలిన ప్రశ్నలన్నీ వెంటనే ఓటుకు పెట్టే అధికారం స్పీకర్‌కు లోక్‌సభ నిబంధన 291 ఇస్తుంది. సభ అభిప్రాయం తెలుసుకుని ఆ గడువును సడలించే వీలు నిబంధన 292 ఇస్తుంది. రాత్రి సభలన్నీ ఆచరణలో ఈ రెండింటి మధ్యే నడుస్తాయి.

వక్ఫ్ బిల్లుకు ప్రతిపక్షం 12 గంటలు అడిగింది. 8 ఇచ్చారు, సభ కావాలనుకుంటే పెంచవచ్చన్నారు. చివరికి జరిగింది 12 గంటల పైమాటే. కాగితం మీద తక్కువ రాసి సభలో పొడిగించుకోవడం పాత అలవాటు. ప్రభుత్వానికి అందులో వెసులుబాటు ఉంది. నష్టపోయేది చిన్న పార్టీలు. ఎందుకంటే పార్టీల వాటా తేలేది కాగితం మీది 8 గంటల నుంచే.

480 నిమిషాలను 543 మందికి పంచితే తలకు 53 సెకన్లు. 240 మంది ఉన్న బీజేపీకి 212 నిమిషాలు, 99 మంది ఉన్న కాంగ్రెస్‌కు 87 నిమిషాలు, 16 మంది ఉన్న టీడీపీకి 14 నిమిషాలు, నలుగురున్న వైఎస్సార్‌సీపీకి మూడున్నర, ఇద్దరున్న జనసేనకు రెండు నిమిషాల లోపు. ఇది వట్టి సంఖ్యాబలం లెక్క. పట్టికలో అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. మంత్రి ప్రారంభ ప్రసంగం, జవాబు రెండూ అధికార పక్షం వాటాలోకే పోతాయి.

ఇప్పుడు పొడిగింపు ఎలా పుడుతుందో చూడండి. మూడున్నర నిమిషాల సభ్యుడు ఆరు నిమిషాలు మాట్లాడతాడు. 14 నిమిషాలను ఇద్దరు పంచుకుని ఇద్దరూ పదేసి తీసుకుంటారు. పేరు ఇచ్చి వాటా దొరకనివాళ్లు చిట్టీలు పంపుతూనే ఉంటారు. అదనంగా 50 మందికి ఐదేసి నిమిషాలు ఇస్తే 250 నిమిషాలు, అంటే 4 గంటల 10 నిమిషాలు. 8 గంటలు 12 దాటడానికి ఇంతకన్నా పెద్ద కారణం వెతకనక్కర్లేదు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్‌కు ఎంతమందో తెలిసినా మధ్యలో వచ్చే బ్రేక్ దర్శనాలు ఎన్నో తెలియకపోతే సమయం చెప్పలేనట్టే, వక్తల జాబితా ఉన్నంత మాత్రాన ఓటింగు ఎప్పుడో తెలియదు.

వెనక్కి లెక్క

12 గంటలకు మొదలైన బిల్లును రాత్రి 11కి ముగించాలనుకుందాం. మామూలుగా సభ ఉదయం 11 నుంచి సాయంత్రం 6 వరకు, మధ్యలో గంట భోజన విరామం. నిబంధన 12 ఇదే చెబుతుంది, మార్చే అధికారం స్పీకర్‌దే. పెద్ద బిల్లు ఉన్న రోజు ముందు తెగిపోయేది భోజన విరామం.

చివరి నుంచి రండి. 'బిల్లును ఆమోదించాలి' అన్న మూడో దశ, దాని మీద ఒకరిద్దరి మాటలు, ఓటింగు కలిపి 20 నిమిషాలు. 10.40 అయింది. దానికి ముందు క్లాజుల వారీ, అంటే బిల్లులోని ఒక్కో నిబంధన వారీ పరిశీలన. సవరణలు లేని క్లాజులను గుత్తగా ఓటుకు పెడతారు. ఉన్నవాటికి ఒక్కొక్క సభ్యుణ్ణీ పిలిచి 'ప్రతిపాదిస్తున్నారా' అని అడగాలి. వంద సవరణలు ఉంటే, సభ్యుల వారీగా కలిపి పెట్టినా, 40 నిమిషాల కంటే తక్కువలో కాదు. 10 గంటలు. మూజువాణి (నోటితో చెప్పే) ఓటు ఒప్పుకోక మూడుసార్లు డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, అడిగారంటే ఇంకో 15 నిమిషాలు. 9.45. మంత్రి జవాబు గంట. 8.45. అంటే 8.45కు వక్తల జాబితా మూసేయాలి.

12 నుంచి 8.45 వరకు 525 నిమిషాలు. ప్రారంభ ప్రసంగానికి 45, అరుపులకు, నిబంధనల మీద లేవనెత్తే పాయింట్ ఆఫ్ ఆర్డర్లకు ఇంకో 45 తీసేయండి. మిగిలింది 435. సగటున 8 నిమిషాలైతే 54 మంది. 55వ పేరు రాసుకున్నవాళ్లు 11 గంటల మీద ఆశ వదులుకోవాలి. లేదా సగటును 6కు దించాలి, అప్పుడు 72 మంది పడతారు. ఏది చేసినా మధ్యాహ్నం రెండు లోపు నిర్ణయించుకోవాలి. రాత్రి తొమ్మిదికి సగటు దించుతామంటే సాయంత్రం పదిహేనేసి నిమిషాలు మాట్లాడినవాళ్లను చూసిన చివరి బెంచీలు ఊరుకోవు. న్యాయంగానూ ఉండదు.

డివిజన్ ఎందుకు అంత తింటుందో తెలిసి ఉండాలి. మూజువాణిని ఎవరైనా సవాలు చేస్తే లాబీలు ఖాళీ చేయమంటారు, గంటలు మోగుతాయి. మూడున్నర నిమిషాలు గడిచాక ప్రశ్నను రెండోసారి పెడతారు. అప్పుడూ ఒప్పుకోకపోతే యంత్రం. మీట నొక్కడానికి ఉండేది 10 సెకన్లు. ఆ తర్వాత బోర్డు మీద అంకెలు వస్తాయి, మీట పనిచేయనివాళ్లు, తప్పు నొక్కినవాళ్లు చిట్టీలు అడుగుతారు. అనుకూలానికి పచ్చది, వ్యతిరేకానికి ఎర్రది, తటస్థానికి పసుపుది. అవి లెక్కపెట్టాలి. అర్ధరాత్రి నిద్రమత్తులో ఈ చిట్టీల సంఖ్య పెరుగుతుంది. మొదటి డివిజన్‌కు 7, 8 నిమిషాలు పట్టినా, తలుపులు మూసి ఉండగానే వెంటనే పెట్టే రెండోది మూడు నాలుగు నిమిషాల్లో అవుతుంది. కాబట్టి డివిజన్ అడగదలచుకున్న సవరణలు పక్కపక్కనే వస్తే రెండు పక్షాలకూ మంచిది. మధ్యలో తలుపులు తెరిస్తే మళ్లీ మొదటి నుంచి గంటలు.

రాజ్యసభ లోక్‌సభ కంటే ఆలస్యంగా ముగియడానికి ఒక కారణం మొదట్లోనే ఉంది. 2014 నవంబరు నుంచి అక్కడ ప్రశ్నోత్తరాలు 12 నుంచి 1 వరకు. అంటే బిల్లు మొదలయ్యేదే ఒంటిగంటకు. ఆ గంట తేడా మధ్యాహ్నం ఎవరికీ కనపడదు, రాత్రి రెండు తర్వాత అందరికీ కనపడుతుంది.

ఎనిమిదిన్నర నుంచి పది వరకు

రాత్రి సభలో అన్నింటికన్నా బలహీనమైన గంటన్నర ఇది. విరామం ఇవ్వరు. పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి భోజనం ఏర్పాటు సంగతి ప్రకటిస్తారు, సభ్యులు విడతలుగా వెళ్లి తిని వస్తారు. లోక్‌సభకు కోరం (సభ నడవడానికి ఉండాల్సిన కనీస సభ్యులు) పదో వంతు, అంటే 55. రాజ్యసభకు 25. మన శాసనసభలో 175కు పదో వంతు లెక్కన 18. ఆ సమయంలో బెంచీలు చూస్తే 55 మంది ఉండకపోవచ్చు. ఎవరూ లేచి కోరం ప్రశ్న వేయనంత వరకు సభ నడుస్తుంది. అందరూ ఒప్పుకుని కూర్చున్న రాత్రి ఆ ప్రశ్న వేయకపోవడం మర్యాద. కానీ మర్యాద మీద మాత్రమే ప్రణాళిక వేయకూడదు. విప్‌లు (పార్టీ సభ్యుల హాజరు, ఓటు చూసుకునేవాళ్లు) తమ సభ్యులను మూడు జట్లుగా విడగొట్టి, ఒక జట్టు తిరిగొచ్చాకే ఇంకో జట్టును పంపితే సరిపోతుంది. కోరం గంట ఒక్కసారి మోగినా ఐదు పది నిమిషాలు పోతాయి, దానికి మించి సభ బిగువు పోతుంది.

అధ్యక్ష స్థానానికీ ఇదే సంగతి. స్పీకర్ తొలి గంటలోనూ జవాబు, ఓటింగు సమయంలోనూ ఉండాలి. మధ్యలో ప్యానల్ స్పీకర్లు కూర్చుంటారు. లోక్‌సభలో ఆ ప్యానల్‌కు పది మంది వరకు ఉండొచ్చు. కొత్తగా కూర్చున్న ప్రతి ప్యానల్ స్పీకర్ మొదటి ఇద్దరు ముగ్గురికి ఉదారంగా సమయం ఇస్తారు. అంతవరకు ఎవరు ఎంత మాట్లాడారో చెప్పే పట్టిక కుర్చీతో పాటు చేతులు మారకపోతే ఆ ఉదారత ఖరీదు అరగంట. ఇక రిపోర్టర్లు, అనువాదకులు, భద్రతా సిబ్బంది, క్యాంటీన్, డాక్టరు, ఇళ్లకు చేర్చే వాహనాలు: సాయంత్రం నాలుగు లోపు చెబితే రెండో షిఫ్టు దొరుకుతుంది, ఏడింటికి చెబితే పొద్దున్నుంచి పనిచేసినవాళ్లే మిగులుతారు.

తేదీ విషయంలో చాలామంది తికమకపడతారు. అర్ధరాత్రి దాటినా ఆ సభ వాయిదా పడేదాకా మొదలైన రోజుదే. 3వ తేదీ రాత్రి ఒంటిగంటకు లోక్‌సభలో నడుస్తున్నది 2వ తేదీ ఎజెండా.

2011: గంటలు అయిపోయిన రాత్రి

వెనక్కి లెక్క వేయకపోతే ఏమవుతుందో 2011 డిసెంబరు 29 రాజ్యసభ చూపించింది. లోక్‌పాల్ బిల్లు కోసం శీతాకాల సమావేశాలను 27 నుంచి 29 వరకు పొడిగించారు. 27 రాత్రి లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభకు చర్చకు మిగిలింది 29 ఒక్కటే. ఆ బిల్లుకు వచ్చిన సవరణలు 187.

నిమిషానికి ఒకటి చొప్పున మూజువాణితో తేల్చినా 187 నిమిషాలు. అందులో 20కి డివిజన్ అడిగి ఒక్కొక్కదానికి 4 నిమిషాలు పట్టినా ఇంకో 80. మొత్తం నాలుగున్నర గంటలకు మూడు నిమిషాలు తక్కువ. అర్ధరాత్రికి ముగియాలంటే మంత్రి జవాబు రాత్రి ఏడున్నరకే పూర్తి కావాలి. ఆ రాత్రి పదకొండు దాటాక మంత్రి వి. నారాయణస్వామి ఇంకా జవాబు చెబుతూనే ఉన్నారు. ఆర్జేడీ సభ్యుడు రాజనీతి ప్రసాద్ బిల్లు ప్రతిని చించారు, గందరగోళం మొదలైంది. సమావేశాల గడువు 29తో అయిపోతుంది కాబట్టి అర్ధరాత్రి దాటి కూర్చోవచ్చా లేదా అన్న వాదన లేచింది. కూర్చోవచ్చని ప్రతిపక్షం, కుదరదని ప్రభుత్వం. చైర్మన్ హమీద్ అన్సారీ అర్ధరాత్రి సభను నిరవధికంగా వాయిదా వేశారు. ఓటింగు జరగలేదు. బిల్లు మళ్లీ రెండు సభలూ దాటింది 2013 డిసెంబరు 17, 18 తేదీల్లో.

చించిన కాగితాన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు. కానీ గొడవ జరగకపోయినా, రాత్రి పదకొండున్నరకు ఇంకా మిగిలి ఉన్న 187 సవరణలు అర్ధరాత్రికి తేలేవి కావు. ప్రభుత్వానికి ఆ సభలో మెజారిటీ లేదన్నదీ నిజమే. అలాంటప్పుడు సమయం అయిపోవడం కొందరికి ఇబ్బంది, కొందరికి వెసులుబాటు. అది మధ్యాహ్నమే గమనించి ఎవరైనా లేచి 'సవరణలకు ఎన్ని గంటలు ఉంచారు?' అని అడిగి ఉంటే జవాబు రికార్డులో ఉండేది. ప్రతిపక్షం వైపు పనిచేసే సహాయకులు తమ సభ్యుడి చేత అడిగించాల్సిన ప్రశ్న ఇదే, అదీ మధ్యాహ్నం రెండు గంటల లోపు.

2025లో పరిస్థితి వేరు. బిల్లు 2024 ఆగస్టులో వచ్చాక సంయుక్త పార్లమెంటరీ సంఘానికి వెళ్లింది. సవరణల మీద సిగపట్లు చాలావరకు అక్కడే జరిగిపోయాయి. సభలో సంఖ్యాబలం తెలుసు. ముగింపు గంట మీద మాత్రం ఎవరూ పట్టుపట్టలేదు. తెల్లవారినా సరే ముగించాల్సిందేనన్న ఒప్పందం లోలోపల ఉంది. వెనక్కి లెక్క కచ్చితంగా లేకపోయినా, 2011లోలా అర్ధరాత్రికే ఆగిపోవాలన్న గోడ లేనందువల్ల ఆ రాత్రి గట్టెక్కింది.

మన సభల్లో

2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు మీద ఉమ్మడి రాష్ట్ర శాసనసభ అభిప్రాయం చెప్పాలి. అప్పటి ముఖ్యమంత్రి పీలేరు ఎమ్మెల్యే కిరణ్‌కుమార్ రెడ్డి. రాష్ట్రపతి ఇచ్చిన గడువు జనవరి 23, దాన్ని 30 దాకా పెంచారు. సభ్యులిచ్చిన సవరణలు 9 వేలకు పైగా. నిమిషానికి ఒకటి వేసుకున్నా 150 గంటలు, రోజుకు 7 గంటల సభ అయితే మూడు వారాలు. వారం పొడిగింపుతో తేలే లెక్క కాదని మొదటి రోజే తెలిసిపోయేది. 30న బిల్లును తిరస్కరించే తీర్మానం మూజువాణితో ఆమోదించి సభ ముగించారు. అది అభిప్రాయం చెప్పే చర్చ మాత్రమే, క్లాజుల వారీ ఓటింగు అవసరం కాదు, కాబట్టి అలా ముగియగలిగింది.

2020 జనవరి 20న మూడు రాజధానుల బిల్లు శాసనసభలో రాత్రి పొద్దుపోయాక పాసైంది. 22న మండలిలో సెలెక్ట్ కమిటీ అంటూ ఆగిపోయింది. ఒక సభను రాత్రి దాకా కూర్చోబెట్టి సంపాదించిన రోజు, రెండో సభలో సంఖ్యాబలం లేకపోతే ఒక్క పూటలో కరిగిపోతుంది.

నియోజకవర్గం ఆఫీసు పని

మూడు గీతల విప్, అంటే తప్పక వచ్చి పార్టీ చెప్పినట్టు ఓటు వేయాలన్న ఆదేశం, ఉందంటే ఆ రాత్రికీ మర్నాటి పొద్దుటికీ రేణిగుంట విమానం టికెట్ తీయకూడదు. విప్ ధిక్కరించి ఓటు వేసినా, రాకపోయినా రాజ్యాంగం పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధం) కింద అనర్హత దాకా పోతుంది. పార్టీ 15 రోజుల్లో మన్నిస్తే తప్ప. బిల్లు మధ్యాహ్నమే మొదలైంది కదా, సాయంత్రం విమానానికి ఎక్కేయొచ్చు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ప్రసంగం నోటు రెండు కొలతల్లో ఉండాలి: వాటా ప్రకారం వచ్చే మూడున్నర నిమిషాలకు ఒకటి, అదృష్టం బాగుంటే దొరికే ఆరు నిమిషాలకు ఒకటి. తెలుగులో అందరికీ అర్థమయ్యేలా మాట్లాడితే నిమిషానికి 90 నుంచి 100 మాటలు. అంటే చిన్న నోటు 330 మాటలు దాటకూడదు. ఒక్కో పేరా ఒక్కో కాగితం మీద, పెద్ద అక్షరాల్లో. మొదటి కాగితంలో పార్టీ వైఖరి, క్లాజు నంబరు. రెండో దాంట్లో జిల్లా సంగతి, మసీదు, దర్గా కమిటీలు ఇచ్చిన వినతిపత్రంలోని ఒకే ఒక్క అంశం. చివరి కాగితంలో అడగదలచుకున్నది, 20 సెకన్లలో. అధ్యక్ష స్థానం నుంచి గంట మోగితే రెండో కాగితం వదిలేసి చివరిదానికి పోవాలి. గంట మోగాక నాలుగు వాక్యాల ముందుమాట ఇంకా మిగిలి ఉండడమే మన సభ్యులు తరచూ చిక్కుకునే చోటు. తెలుగులో మాట్లాడేట్టయితే కాపీ ముందే అనువాదకులకు అందాలి. అంకెలు, సెక్షన్ నంబర్లు వాళ్లు వినడం కంటే చూసి చెప్పడం నయం.

పేరు పిలిచే సమయం గురించి ఇంటి దగ్గరివాళ్లకు మాట ఇవ్వకండి. 'తొమ్మిదికి మాట్లాడతారు' అని చెప్పి ఆఫీసులో టీవీ ముందు యాభై మందిని కూర్చోబెడితే అది పన్నెండు అవుతుంది. జిల్లా పేజీలు రాత్రి పెందలాడే మూసేస్తారు కాబట్టి పది తర్వాత మాట్లాడిన ప్రసంగం మర్నాటి తిరుపతి పేపర్లో ఉండదు. వీడియో ముక్క పొద్దున ఆరింటికి సిద్ధంగా ఉంటే చాలు.

చదవకుండా మిగిలిపోయిన ప్రసంగం కూడా వృథా కాదు. సమయం చాలక పిలవలేనప్పుడు, అధ్యక్ష స్థానం అనుమతిస్తే రాసి తెచ్చినదాన్ని సభ ముందు ఉంచవచ్చు. అందుకే ఆరు నిమిషాల నోటు చేతిరాతలో కాక టైపు చేసి ఉండాలి.

కాలేజీల్లో

కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ పోటీల్లో యువ పార్లమెంటు గంట లోపే ముగుస్తుంది. రాత్రి సభ సంగతి అందులో తేలదు. తరగతి అభ్యాసంగా చేయాలంటే 40 మంది విద్యార్థులు, మూడు గంటలు, 12 సవరణలు పెట్టండి. సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టి ఏడున్నరకు ముగించండి, హాస్టల్ గేట్లు గుర్తుంచుకుని. విద్యార్థులకు ముగింపు సమయం చెప్పండి, సవరణలకు ఎంత ఉంచాలో చెప్పకండి. వక్తలు మాత్రమే ఏడు వరకు సాగదీస్తారు. మిగిలిన అరగంటలో జవాబు, 12 సవరణలు, ఒక డివిజన్ పెట్టి చూస్తే అందరికీ తెలిసొస్తుంది. రెండోసారి అదే బిల్లును, వక్తల జాబితా ఆరింటికి మూసి నడపండి. ఒక విద్యార్థిని టైమ్‌కీపర్‌గా కాక సచివాలయ అధికారిగా కూర్చోబెట్టి, పార్టీల వారీగా వాడిన నిమిషాల పట్టిక చేతితో రాయించండి. ఆ పట్టిక అధ్యక్ష స్థానంలో కూర్చున్నవాళ్ల కంటికి ఎదురుగా ఉండాలి.

తెల్లారాక

రాజ్యసభ 4న తెల్లవారుజామున లేచి అదే రోజు ఉదయం 11 గంటలకు మళ్లీ కూర్చుంది. సభ్యులు నిద్రపోయే ఆ కొద్ది గంటల్లో కార్యాలయం చేయాల్సిన పని ఒకటుంది. డివిజన్ జాబితాలో తమ సభ్యుడి పేరు సరైన వైపు నమోదైందో లేదో చూడడం. బోర్డు మీద కనపడే అంకెలు సవరణకు లోబడినవే, చిట్టీలతో మారతాయి. తర్వాత ప్రసంగం టైపు ప్రతి వస్తుంది. అందులో ఊళ్ల పేర్లు, సర్వే నంబర్లు, తెలుగు పేర్లు తప్పుపడతాయి. కాళహస్తి, కార్వేటినగరం, చంద్రగిరి లాంటివి రాత్రి ఒంటిగంటకు విన్న చెవికి ఎలా పడ్డాయో అలా ఉంటాయి. దిద్ది పంపడానికి గడువు తక్కువ, అర్థం మార్చే మార్పులు ఒప్పుకోరు. ఆ గడువు దాటితే వచ్చినది వచ్చినట్టే అచ్చవుతుంది.